పింఛను వెంట వస్తుంది.. వైద్యం రాదు

విదేశాలలో స్థిరపడే విశ్రాంత ఉద్యోగులు బయలుదేరే ముందే తెలుసుకోవలసిన ఆరోగ్య హక్కులు

ఉద్యోగ విరమణ చేసి, ఇంటిని అద్దెకిచ్చి, పిల్లల వద్ద శేషజీవితం గడపడానికి అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలకు పయనమయ్యే తల్లిదండ్రులు తెలుగు జిల్లాల్లో ప్రతి పట్టణంలోనూ కనిపిస్తారు. వీసా, విమాన టికెట్టు, ఆవకాయ, కందిపొడి.. అన్నిటికీ నెలల ముందే ఏర్పాట్లు జరుగుతాయి. అక్కడ జబ్బు చేస్తే ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో ఆస్పత్రి బిల్లు చేతికి వచ్చేదాకా తలెత్తదు.

పింఛను ఎక్కడున్నా అందుతుంది కాబట్టి వైద్య సదుపాయం కూడా అలాగే అందుతుందని పలువురు భావిస్తుంటారు. ఈ రెండింటి స్వభావం వేరు. పింఛను గతంలో చేసిన సేవకు ప్రతిఫలం. మనిషి ఏ దేశంలో ఉన్నా ఆ హక్కు సాధారణంగా అతని వెంట ఉంటుంది. వైద్య సదుపాయం అలా కాదు. అది కొన్ని దేశాలలో నివాసాన్ని బట్టి, మరికొన్ని చోట్ల కట్టిన పన్నును బట్టి, మన దేశంలో అయితే పథకం జాబితాలో ఉన్న ఆస్పత్రులను బట్టి లభిస్తుంది. సరిహద్దు దాటిన మరుక్షణం ఈ మూడింటిలో ఏదో ఒకటి తెగిపోతుంది. తెగిన చోట మరొకటి దానంతట అది వచ్చి అతుక్కోదు.

ఇక్కడి కార్డు అక్కడ చెల్లదు

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు నగదు రహిత చికిత్స అందించే ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఆరంభమైంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు 1954లో ఢిల్లీలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది. మాజీ సైనికులకు 2003 నుంచి ప్రత్యేక ఆరోగ్య పథకం అమలవుతోంది. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రవేశపెట్టింది.

ఈ పథకాలన్నీ జాబితాలో నమోదైన ఆస్పత్రుల ద్వారానే నడుస్తాయి. ఆ జాబితాలలో ఉన్నవి మన దేశంలోని ఆస్పత్రులే. డల్లాస్‌లోనో, టొరంటోలోనో గుండెపోటు వస్తే అక్కడి ఆస్పత్రిలో ఈ కార్డులు చూపించి ప్రయోజనం లేదు. ప్రైవేటు వైద్య బీమా పాలసీల సంగతీ ఇంతే. విదేశీ చికిత్సకు ప్రత్యేకంగా అదనపు ప్రీమియం చెల్లించి తీసుకున్న పాలసీలను మినహాయిస్తే, సాధారణ పాలసీలు దేశంలో జరిగిన చికిత్సకే వర్తిస్తాయి.

దాదాపు 20 దేశాలతో మన ప్రభుత్వం సామాజిక భద్రతా ఒప్పందాలు చేసుకుంది కదా అన్న సందేహం కొందరికి కలగవచ్చు. జర్మనీ, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ వాటిలో ఉన్నాయి. ఉద్యోగి రెండు దేశాలలోనూ చందా కట్టవలసిన అవస్థ తప్పించడం, రెండు చోట్ల చేసిన సర్వీసును పింఛను కోసం కలిపి లెక్కించడం, పింఛనును దేశం దాటించడం ఆ ఒప్పందాల ప్రధానోద్దేశం. మన పింఛనుదారుకు అక్కడ ఉచిత వైద్యం ఇప్పించడం వాటి లక్ష్యం కాదు. అమెరికాతో అయితే అటువంటి ఒప్పందమే ఇంతవరకు కుదరలేదు.

సందర్శకులుగా వెళితే..

తల్లిదండ్రులలో ఎక్కువమంది తొలుత వెళ్లేది సందర్శక వీసాపైనే. అమెరికాలో ఈ వీసాపై సాధారణంగా ఒక విడతకు 6 నెలల వరకు ఉండనిస్తారు. ఈ కాలంలో అక్కడి ప్రభుత్వ వైద్య పథకాలు వేటికీ వారు అర్హులు కారు. 1986లో వచ్చిన చట్టం ప్రకారం, అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని డబ్బు చెల్లించగలడా లేడా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం నుంచి గట్టెక్కించడం ఆస్పత్రుల విధి. అయితే ఆ చట్టం చికిత్సను నిరాకరించరాదంటుందే తప్ప, ఉచితంగా చేయమని చెప్పదు. బిల్లు తరువాత ఇంటికి వస్తుంది.

అందువల్ల ప్రయాణ బీమా తప్పనిసరి అవసరం. దానిని కొనేటప్పుడు పరిశీలించవలసిన ప్రధానాంశం పాత జబ్బుల నిబంధన. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు వంటివి ప్రయాణానికి ముందే ఉంటే, వాటి వల్ల తలెత్తే చికిత్స ఖర్చును అనేక పాలసీలు పూర్తిగా మినహాయిస్తాయి. మరికొన్ని పాలసీలు పాత జబ్బు హఠాత్తుగా విషమించినప్పుడు మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే చెల్లిస్తాయి. 65 ఏళ్లు దాటిన వారికి అసలు ముప్పు ఈ జబ్బులతోనే. ప్రీమియం తక్కువగా ఉందని పాలసీ తీసుకుంటే, ముఖ్యమైన జబ్బే అందులో లేదని క్లెయిము వేళ తెలుస్తుంది. ఉన్న జబ్బును దరఖాస్తులో దాచిపెట్టడం మరింత ప్రమాదకరం. తరువాత అది బయటపడితే క్లెయిమును తిరస్కరించేందుకు అదే ఆధారమవుతుంది.

బ్రిటన్‌లో అక్కడి నివాసులకు జాతీయ ఆరోగ్య సేవ కింద వైద్యం ఉచితం. ఆ సదుపాయం సందర్శకులకు పూర్తిగా వర్తించదు. ఇంగ్లండులో ప్రమాద, అత్యవసర విభాగంలో జరిగే ప్రాథమిక చికిత్సకు రుసుము ఉండదు. ఆ తరువాత వార్డులో చేర్చుకుంటే మాత్రం ప్రభుత్వం నిర్ణయించిన ధరకు ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం వసూలు చేస్తారు. 500 పౌండ్లు అంతకు మించిన బకాయిని రెండు నెలలకు పైగా చెల్లించకుండా వదిలేస్తే, ఆ తరువాత చేసుకునే వీసా దరఖాస్తును తిరస్కరించే అవకాశం ఉంది. మళ్లీ మనవలను చూడాలనుకునే వారు దీనిని గుర్తుంచుకోవాలి.

కెనడా ఈ విషయంలో ముందే షరతు పెట్టింది. తల్లిదండ్రులకు, తాతలకు, అమ్మమ్మలకు ఇచ్చే సూపర్ వీసా 2011లో మొదలైంది. 2022 జులై నుంచి దీనిపై ఒక విడతలో 5 సంవత్సరాల వరకు ఉండవచ్చు. కనీసం లక్ష కెనడియన్ డాలర్ల రక్షణ గల, ఏడాది కాలపరిమితి ఉన్న వైద్య బీమా తీసుకున్నట్లు రుజువు చూపితేనే ఈ వీసా మంజూరవుతుంది. అయిదేళ్లు ఉండనిచ్చినంత మాత్రాన కెనడా రాష్ట్రాల ఉచిత వైద్యానికి అర్హత లభించదు.

ఆస్ట్రేలియాలోని ప్రభుత్వ వైద్య పథకం పేరు కూడా మెడికేరే. అది పౌరులకు, శాశ్వత నివాసులకు వర్తిస్తుంది. బ్రిటన్, న్యూజిలాండ్, ఐర్లండ్, ఇటలీ వంటి కొన్ని దేశాల సందర్శకులకు పరస్పర ఒప్పందం మేరకు అత్యవసర చికిత్స లభిస్తుంది. ఆ దేశాల జాబితాలో భారతదేశం లేదు.

గ్రీన్‌కార్డు వచ్చినా అయిదేళ్లు ఆగాలి

పౌరసత్వం పొందిన కుమారుడు లేదా కుమార్తె దరఖాస్తు చేస్తే తల్లిదండ్రులకు అమెరికా గ్రీన్‌కార్డు లభిస్తుంది. దానితో పాటే 65 ఏళ్లు దాటిన వారికి ఇచ్చే మెడికేర్ కూడా వచ్చేస్తుందన్నది తరచూ వినిపించే అపోహ. మెడికేర్‌లో ఆస్పత్రి ఖర్చులకు సంబంధించిన మొదటి భాగం ఉచితంగా రావాలంటే, ఆ వ్యక్తి గానీ జీవిత భాగస్వామి గానీ అమెరికాలో సుమారు 10 సంవత్సరాలు, అంటే 40 త్రైమాసికాలకు సమానంగా పని చేసి పన్ను కట్టి ఉండాలి. పిల్లలు ఎన్నేళ్లు పన్ను కట్టినా ఆ లెక్క సాధారణంగా తల్లిదండ్రుల ఖాతాలో చేరదు.

పని చేయని వారికి మరో మార్గం ఉంది. 65 ఏళ్లు నిండి, గ్రీన్‌కార్డుతో అమెరికాలో అయిదేళ్లు నిరంతరంగా నివసించిన వారు నెలవారీ ప్రీమియం చెల్లించి మెడికేర్‌లో చేరవచ్చు. 2026 సంవత్సరానికి మొదటి భాగం పూర్తి ప్రీమియం నెలకు 565 డాలర్లు. డాక్టరు ఫీజులు, పరీక్షలకు సంబంధించిన రెండో భాగం సాధారణ ప్రీమియం 202.90 డాలర్లు. రెండూ కలిపి ఒక్కొక్కరికి 767.90 డాలర్లు. దంపతులిద్దరికీ నెలకు 1,535.80 డాలర్లు అవుతుంది. మందులకు విడిగా మరో భాగం ఉంటుంది. ఇక్కడి పింఛనుతో ఈ భారాన్ని మోయడం దాదాపు అసాధ్యం. కాబట్టి అది పిల్లల సంపాదన మీదే పడుతుంది.

అయిదేళ్లు నిండక ముందు దారి ఏమిటన్నది అసలు ప్రశ్న. పేదలకు ఉద్దేశించిన మెడికెయిడ్ పథకంలో చేరడానికి కూడా 1996 నాటి చట్టం గ్రీన్‌కార్డుదారులకు సాధారణంగా అయిదేళ్ల నిరీక్షణ విధించింది. పైగా తల్లిదండ్రుల పోషణ బాధ్యత తమదేనని పిల్లలు గ్రీన్‌కార్డు సమయంలో హామీపత్రంపై సంతకం చేసి ఉంటారు. ఆ వేచి ఉండే కాలంలో అక్కరకు వచ్చేది బీమా మార్కెట్టు. 2014 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం, ఈ మార్కెట్టులో విక్రయించే పాలసీలను పాత జబ్బుల కారణంగా నిరాకరించరాదు, ఎక్కువ ప్రీమియం అడగరాదు. కొత్తగా గ్రీన్‌కార్డు పొందినవారు 60 రోజుల లోపు ఇందులో చేరవచ్చు. ఆ గడువు దాటితే ఏటా ఒకసారి జరిగే సాధారణ నమోదు కాలం వరకు ఆగవలసి వస్తుంది.

ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో ప్రభుత్వ సాయం లభించే వీలుంది. అయితే 2025 జులైలో వచ్చిన చట్టం ఇందులో మార్పు తెచ్చింది. అక్కడి దారిద్ర్య రేఖ కన్నా తక్కువ ఆదాయం ఉండి, అయిదేళ్ల నిబంధన వల్ల మెడికెయిడ్‌కు నోచుకోని వలసదారులకు అంతకు ముందు వరకు లభించిన సాయం 2026 నుంచి ఆగిపోయింది. కుటుంబ ఆదాయాన్ని ఎలా లెక్కిస్తారన్నది పన్ను దాఖలా మీద ఆధారపడి ఉంటుంది. ఇటీవలే గ్రీన్‌కార్డు పొందిన తల్లిదండ్రుల విషయంలో పిల్లలు పన్ను సలహాదారును సంప్రదించడం అవసరం.

ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ అన్నట్టు గడిపే వారు మరో విషయం గమనించాలి. మెడికేర్‌కు కావలసింది నిరంతర నివాసం. దీర్ఘకాలం స్వదేశంలో గడిపితే ఆ నిరంతరతపై ప్రశ్న తలెత్తుతుంది. ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి మించి అమెరికా వెలుపల ఉంటే గ్రీన్‌కార్డుకే ఎసరు రావచ్చు.

తిరిగి వచ్చే వారికీ ఇదే చిక్కు

ఇది ఒకవైపు ప్రయాణం. అమెరికాలోనో బ్రిటన్‌లోనో జీవితమంతా పనిచేసి, విశ్రాంతి కోసం హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడలకో, సొంత ఊళ్లకో తిరిగి వచ్చే వారిది రెండో వైపు ప్రయాణం. చిక్కు మాత్రం ఒక్కటే. అక్కడి పింఛను ఇక్కడి బ్యాంకు ఖాతాలో పడుతుంది, అక్కడి వైద్యం ఇక్కడికి రాదు.

అమెరికా మెడికేర్ కొన్ని స్వల్ప మినహాయింపులు తప్ప ఆ దేశం వెలుపల జరిగిన చికిత్సకు చెల్లించదు. మెడికేర్‌కు అనుబంధంగా ప్రైవేటు సంస్థలు విక్రయించే కొన్ని పాలసీలలో విదేశీ అత్యవసర చికిత్సకు రక్షణ ఉంటుంది. అది ప్రయాణం మొదలైన తొలి 60 రోజులలో తలెత్తిన అత్యవసరానికే వర్తిస్తుంది. తొలి 250 డాలర్లు రోగే భరించాలి. మిగిలిన దానిలో 80 శాతం చెల్లిస్తారు. జీవితకాల పరిమితి 50 వేల డాలర్లు. ఇది యాత్రికులకు ఉపయోగపడేదే గానీ స్థిరనివాసులకు కాదు.

భారత్‌లో స్థిరపడిన వారు మెడికేర్ రెండో భాగం ప్రీమియం కట్టాలా, మానాలా అన్నది ఆలోచించి తేల్చుకోవలసిన విషయం. కడితే, ఇక్కడ వాడుకోలేని సదుపాయానికి ప్రతి నెలా డబ్బు పోతుంది. మానితే, తిరిగి చేరేటప్పుడు విరామంలోని ప్రతి 12 నెలలకు 10 శాతం చొప్పున అపరాధ రుసుము పడుతుంది. ఆ రుసుము సాధారణంగా జీవితాంతం కొనసాగుతుంది. ఉదాహరణకు అయిదేళ్లు మానేసిన వారికి 50 శాతం అదనం. 2026 ధరల ప్రకారం 202.90 డాలర్ల ప్రీమియం 304.35 డాలర్లవుతుంది. మళ్లీ అమెరికా వెళ్లే ఉద్దేశం ఉన్నవారు ఒక రకంగా, లేనివారు మరో రకంగా నిర్ణయించుకోవాలి. పన్ను ద్వారా ఉచితంగా వచ్చిన మొదటి భాగాన్ని వదులుకోవలసిన అవసరం మాత్రం ఎవరికీ లేదు.

బ్రిటన్‌లో వైద్యసేవకు ఆధారం ఎన్నేళ్లు పన్ను కట్టారన్నది కాదు, ప్రస్తుతం అక్కడ స్థిరంగా నివసిస్తున్నారా అన్నది. ముప్పై ఏళ్లు పన్ను కట్టి గుంటూరుకో కరీంనగర్‌కో వచ్చి స్థిరపడిన వ్యక్తి, చికిత్స కోసమని తిరిగి అక్కడికి వెళితే సందర్శకుడి కిందే లెక్క. మళ్లీ శాశ్వతంగా ఉండడానికి వెళితే మాత్రం ఆ హక్కు తిరిగి వస్తుంది.

దీనికి తోడు పింఛను స్తంభన ఒకటి. బ్రిటన్ ప్రభుత్వ పింఛను అక్కడి నివాసులకు ఏటా పెరుగుతుంది. భారత్‌లో నివసించే వారికి పెరగదు. మొదట ఎంత నిర్ణయమైందో అంతే చివరిదాకా వస్తుంది. 2016 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త విధానంలో పూర్తి పింఛను వారానికి 155.65 పౌండ్లు. 2025-26లో అది 230.25 పౌండ్లకు చేరింది. ఇక్కడ ఉంటూ 2016లో పూర్తి పింఛను తీసుకోవడం మొదలుపెట్టిన వ్యక్తికి ఇప్పటికీ అందేది 155.65 పౌండ్లే. వయసుతో పాటు వైద్యం ఖర్చు పెరుగుతుంటే రాబడి నిలిచిపోతుంది.

హక్కు వెంట వెళ్లే చోటు ఒకటుంది

పింఛనుతో పాటు వైద్యం కూడా సరిహద్దు దాటే ఏర్పాటు ప్రపంచంలో లేకపోలేదు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం, పింఛను ఇచ్చే దేశమే ఆ పింఛనుదారు వైద్యం ఖర్చునూ భరిస్తుంది. జర్మనీలో పనిచేసి స్పెయిన్‌లో స్థిరపడిన వ్యక్తి ఎస్1 అనే పత్రాన్ని స్పెయిన్ అధికారులకు సమర్పిస్తే, స్థానికులతో సమానంగా చికిత్స పొందుతాడు. ఖర్చును రెండు దేశాలు తమలో తాము సరిచూసుకుంటాయి. సమాఖ్య నుంచి 2020లో వైదొలగిన తరువాత కూడా బ్రిటన్ ఒప్పందాల ద్వారా తన ప్రభుత్వ పింఛనుదారులకు ఈ సదుపాయాన్ని నిలుపుకొంది.

అంటే బ్రిటన్‌లో ఒకేచోట పనిచేసి, ఒకే పింఛను పొందే ఇద్దరు తెలుగువారిలో పోర్చుగల్ వెళ్లి స్థిరపడిన వ్యక్తికి వైద్యం వెంట వస్తుంది, పుట్టిన ఊరికి తిరిగి వచ్చిన వ్యక్తికి రాదు. తేడా వారి సేవలో లేదు, దేశాల మధ్య ఒప్పందంలో ఉంది.

బయలుదేరే ముందు..

ఇక్కడి వైద్య బీమాను రద్దు చేసుకోవడం చాలామంది చేసే మొదటి పొరపాటు. ఎలాగూ విదేశంలోనే ఉంటాం కదా అని ప్రీమియం ఆపేస్తారు. రెండు మూడేళ్ల తరువాత తిరిగి వచ్చి కొత్త పాలసీ తీసుకుంటే, పాత జబ్బులకు వేచి ఉండే కాలం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఈ కాలం గరిష్ఠంగా 36 నెలలు. 65 ఏళ్లు దాటిన వారికి పాలసీ ఇవ్వరాదన్న వయోపరిమితి కూడా అప్పుడే తొలగింది గానీ, 70 ఏళ్ల వయసులో కొత్త పాలసీకి ప్రీమియం భారీగానే ఉంటుంది. విదేశంలో ఇమడలేక వెనక్కి రావలసి వస్తే ఆదుకునేది కొనసాగిస్తూ వచ్చిన పాత పాలసీయే.

పింఛను ఆగకుండా చూసుకోవడం రెండో పని. ఏటా సమర్పించవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని విదేశాలలో ఉన్నవారు భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేటు ద్వారా ధ్రువీకరింపజేసి పంపవచ్చు. ఆధార్ ఆధారంగా 2014లో మొదలైన డిజిటల్ పత్రానికి 2021 నుంచి ముఖ గుర్తింపు సదుపాయం కూడా తోడైంది. రాష్ట్ర పింఛనుదారులు ఖజానా కార్యాలయంలో తమకు వర్తించే గడువును, విధానాన్ని ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

మందుల చీటీ మూడో అంశం. ఇక్కడి కంపెనీ పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు. మందు అసలు పేరు, మోతాదు రాయించుకొని, చీటీతో సహా తీసుకువెళ్లాలి. మనం పారాసిటమాల్ అనే మందును అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. పాత శస్త్రచికిత్సల నివేదికలు, ఇటీవలి పరీక్షల ఫలితాలు దగ్గర ఉంటే అక్కడ తిరిగి చేయించవలసిన ఖరీదైన పరీక్షలు కొన్నయినా తప్పుతాయి.

బీమా తీసుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలకు లిఖితపూర్వకంగా సమాధానం తీసుకోవాలి. పాత జబ్బులకు రక్షణ ఉందా? ఉంటే ఎంత పరిమితి? ఆస్పత్రికి కంపెనీయే నేరుగా చెల్లిస్తుందా, లేక ముందు కట్టి తరువాత రాబట్టుకోవాలా? రోగిని గానీ, మరణం సంభవిస్తే భౌతికకాయాన్ని గానీ స్వదేశానికి చేర్చే ఖర్చు అందులో ఉందా? చివరి ప్రశ్న అడగడానికి ఎవరికీ మనసొప్పదు. కానీ సమాధానం తెలియని కుటుంబాలు దుఃఖంలో ఉండగానే డబ్బు కోసం వెతుక్కోవలసి వస్తుంది.

పిల్లలు రమ్మన్నారని వెళ్లడం ప్రేమకు సంబంధించిన నిర్ణయం. అక్కడ ఆస్పత్రి మెట్లెక్కవలసి వస్తే ఏ హక్కుతో ఎక్కుతారన్నది కాగితాలకు సంబంధించిన విషయం. ఆ కాగితాలను విమానం ఎక్కక ముందే సరిచూసుకుంటే, పిల్లల దగ్గర గడిపే రోజులు వారికీ పిల్లలకూ బరువు కాకుండా ఉంటాయి.